అగ్గిదుంకుడు

వహీద్ తనకు నిచ్చెన అమ్మాడు, దాన్ని నాలుగు దిక్కులా బిగించే తీగలు అమ్మాడు, నీళ్లు ఇంకకుండా పరిచే తాడిపత్రి పట్టా అమ్మాడు, గొంతు బొంగురుపోయిన మైకుసెట్టు కూడా అమ్మాడు గానీ, చెప్పాల్సిన ఒక్క ముక్క మాత్రం కడుపులో దాచుకున్నాడని బీరప్ప ఫిర్యాదు. ఈ ఫిర్యాదును ఆయన తిరుమలగిరి అంగట్లో చెప్పాడు, చాయ్ హోటల్లో చెప్పాడు, బస్సు కోసం నిలబడ్డవాళ్లకు చెప్పాడు. విన్నవాళ్లు బస్సు వచ్చేదాకా విన్నారు.

"నాలుగేండ్లు ఆయన ఎన్క తిరిగిన. ఉస్తాదని కాళ్లు మొక్కిన. నేర్చిన ఇద్దె అమ్మద్దు, అమ్మినోడు సగం అమ్మద్దు. వహీద్ సగమే అమ్మిండు" అంటాడు బీరప్ప.

ఈ మాటలో న్యాయం ఎంతుందో, అన్యాయం ఎంతుందో తేల్చిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. తేల్చబోయినవాళ్లు మాత్రం ఉన్నారు.

వహీద్‌ది మహబూబ్‌నగర్ దిక్కు. జాతర ఎక్కడుంటే అక్కడ అరవై ఫీట్ల ఇనుప నిచ్చెన నిలబెట్టి, దాని కాళ్ల దగ్గర తొమ్మిది ఫీట్ల లోతు బొంద తవ్వి, తాడిపత్రి పరిచి నీళ్లు నింపేవాడు. ఆ నీళ్ల బొందను హౌజు అనేవాడు. చుట్టూ కనాతు గుడ్డ కట్టి, రూపాయి టికెట్టు పెట్టి, పొద్దు వాలేవేళకు నిచ్చెన ఎక్కేవాడు. కింద నీళ్ల మీద పెట్రోలు పోసి అంటించేవారు. పైన ఆయన ఒంటి మీది గోనెసంచి అంగీకి కూడా అగ్గి పెట్టుకుని దుంకేవాడు. ఇంతే ఆట. పైనుంచి కిందికి రెండు సెకండ్ల పని. ఆ రెండు సెకండ్ల కోసం జనం రెండు గంటలు ఎండలో కూర్చునేవారు. దుంకినవాడు బతికి బయటికి రాగానే సగం మంది చప్పట్లు కొట్టేవారు, మిగతా సగం రూపాయి దండగైనట్టు మొహం పెట్టి, వెనక దుమ్ము దులుపుకుని లేచేవారు.

వహీద్ ముప్పై ఏళ్లుగా దుంకుతున్నాడు. ముప్పై ఏళ్లుగా భయపడుతూనే ఉన్నాడు. పొద్దున లేవగానే నిచ్చెన చుట్టూ తిరిగి తీగలు గుంజి చూసేవాడు. మధ్యాహ్నం మళ్లీ చూసేవాడు. ఎక్కబోయే ముందు ఇంకోసారి. చేతిరుమాలు గాలికి వేలాడదీసి, అది ఏ కాస్త ఒరిగినా "గాలున్నది, ఇయ్యాల లేదు" అని టికెట్టు పైసలు వాపసు ఇప్పించేవాడు. ఆఖరుకు లుంగీ ఎగ్గట్టి హౌజులోకి దిగేవాడు. ముక్కు మూసుకుని మునిగి, పాదాలతో అడుగంతా తడిమి, నీళ్ల లోపలే నిలబడి కుడిచేయి నిటారుగా పైకెత్తేవాడు. తర్వాత రెండు గుప్పిళ్ల నిండా కొబ్బరి చిప్పలూ చిల్లర పైసలూ పట్టుకుని పైకి వచ్చేవాడు. జాతరలో నీళ్లు కనపడితే మన జనం చేతులు ఊరుకోవు కదా. అది దేవుని గుండమో, బర్రెలు కడిగే కుంటో అడగరు. దండం పెట్టి పావలా వేసేస్తారు, కాయ కొట్టి చిప్ప జారవిడుస్తారు.

తిరుమలగిరి పక్క ఊరి కురుమ పిల్లగాడు బీరప్ప ఆయన దగ్గర చేరింది పందొమ్మిది వందల ఎనభై నాలుగులో. నాలుగో తరగతిలో పలక పగిలితే బడి కూడా అక్కడితో పగిలిపోయింది. తండ్రి పోతూ పోతూ ముప్పై గొర్లను, ఒక ఎర్ర చెల్కను వదిలిపోయాడు. గొర్లకు ఆ ఏడు గాలికుంటు వచ్చింది. ఆముదాలు, కందులు తప్ప ఇంకోటి మొలవని ఆ చెల్క ఒక్కటే మిగిలింది. దాన్ని చూసే ఆయనకు సైదమ్మను ఇచ్చి పెళ్లి చేశారు. ఆ సంగతి సైదమ్మ మరిచిపోనివ్వలేదు.

మొదటి ఏడాదంతా వహీద్ ఆయనతో బొందలు తవ్వించాడు, తీగలు మోయించాడు. తర్వాత పదిహేను ఫీట్ల నుంచి దుంకించాడు, తర్వాత ముప్పై, నలభై అయిదు. అరవయ్యో ఫీటు మెట్టు మీద మొదటిసారి నిలబడింది కురుమూర్తి జాతరలో. నిలబడ్డాడు అనడం కూడా మర్యాదకే. నిచ్చెనను తల్లిని కరుచుకున్నట్టు కరుచుకుని అరగంట సేపు కదలలేదు. కింద జనానికి అంత వినోదం ఎప్పుడూ దొరకలేదు.

"అరె, దిగుడన్న దిగు, దుంకుడన్న దుంకు. మా బస్సు పోతాంది" అన్నాడొకడు.

"రాత్రికి గాడనే పండుకుంటడేమో, ఎవలన్న గొంగడియ్యుండ్రి" అన్నాడు ఇంకొకడు.

వహీద్ వెనకే పైకి ఎక్కాడు. చెవి దగ్గర నోరు పెట్టి నెమ్మదిగా అడిగాడు.

"బుగులైతుందా?"

"అయితాంది ఉస్తాద్."

"ఎంత?"

"కాళ్లు లెవ్వు నాయి."

"మంచిగున్నది. నాకు గూడ గంతే. గీ లేని కాళ్లతోనే ముప్పై ఏండ్ల సంది ఎక్కుతున్న. ఎడమ కాలు ముందల పెట్టు, కండ్లు హౌజు మీద పెట్టు, పెదవులు బిగవట్టు."

బీరప్ప దుంకాడు. దుంకాడో, కాళ్లు జారి పడ్డాడో ఆయనకే తెలియదు. నీళ్లు చెంపలు వాయించి పైకి తోశాయి. బయటికి వచ్చి ఒళ్లంతా తడుముకుని, అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక, ఏడ్చాడు. ఆ రోజు జనం వేసిన చిల్లరతో వహీద్ భార్య ఇక్బాల్ బీ కొంగు చిరిగింది.

దుంకుతున్న రెండో ఏడు వచ్చేసరికి వణుకు మోకాళ్ల దాకా దిగింది. మూడో ఏడుకు పాదాల నుంచి నిచ్చెన గుండా భూమిలోకి ఇంకిపోయింది. బీరప్ప పైకెక్కి తల దువ్వుకునేవాడు. దూరాన పోయే బస్సు ఏ డిపోదో చెప్పేవాడు. ఒకనాడు పెట్రోలు తడిసిన అంగీతో నిలబడి బీడీ ముట్టించి, రెండు దమ్ములు లాగి, ఆ బీడీతోనే తనను తాను అంటించుకున్నాడు. జనం విరగబడి చప్పట్లు కొడతారనుకున్నాడు. ముందు వరసలో ఒకాయన లేచి, "పెట్రోలు గాదు, నీళ్లు వోసుకుండు. నకిలీ ఆట" అని టికెట్టు పైసలు వాపసు అడిగాడు.

కిందికి రాగానే వహీద్ చెంప మీద ఒకటి ఇచ్చాడు. ఇచ్చి, తనే తల పట్టుకుని కూర్చున్నాడు.

"నీకు బుగులు వోయింది బేటా. నిన్ను కొన్నొద్దులు ఇంట్ల పండవెట్టాలె."

"పోతే మంచిదే గద ఉస్తాద్."

"ముండ్లళ్ల నడిచెటోనికి చెప్పులు వోతే మంచిదా?"

ఇక్బాల్ బీకి ఈ వేదాంతం పట్టలేదు. టికెట్లు కోసేది ఆమె, మైకులో పిలిచేది ఆమె. ఆమె బాధ ఆమెది. "బీరప్పా, నువ్వు దుంకుతుంటే పల్లికాయ బస్తా ఇసిరినట్టున్నది. ఆయన ఎక్కితే ఆడోళ్లు కొంగు నోట్ల వెట్టుకుంటరు. నువ్వెక్కితే గా నోట్లెనే పల్లీలు ఏస్కుంటరు. జర బుగులువడు బేటా, కడుపుకు తినేటోళ్లం" అంది.

మర్నాడు బీరప్ప నిచ్చెన మీద వణికి చూపించాడు. జనం చలిజ్వరమనుకున్నారు. ఒక ముసలామె కనాతు దాటి పోయి జ్వరం గోలీ తెచ్చి, దుంకిన తర్వాత వేయమని ఇక్బాల్ బీకి ఇచ్చింది.

బీరప్పకు అప్పుడే ఒక సంగతి అర్థమైంది, లేదా అర్థమైందని అనుకున్నాడు. వహీద్ భయం కూడా నటనే. ముప్పై ఏళ్లు దుంకినవాడికి భయమేమిటి? తీగలు గుంజడం నటన, రుమాలు నటన. హౌజులోకి దిగడం పైసలకు. నీళ్లలో చేయి పైకెత్తడం మాత్రం దువా అయి ఉంటుంది. అంత కక్కుర్తి పడ్డాక అల్లాకు ఒక దండమైనా పెట్టాలి కదా అని సరిపెట్టుకున్నాడు.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో వహీద్ దుంకి బయటికి వచ్చి, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఇగ బందు" అన్నాడు.

"ఏమైంది ఉస్తాద్, గాలి లేదు గద?"

"గాలి లేదు. బుగులు గూడ లేదు. పైన నిలవడ్డ, కాళ్లు వణకలే. ఇంటికాడ గిర్ని వెట్టుకుంటే ఎట్లుంటదని ఆలోచన చేస్తున్న. గా ఆలోచనలనే దుంకిన. గట్ల దుంకినోడు ఇంకోసారి దుంకద్దు."

ముసలోడికి వయసు మీద పడి భయం పట్టుకుంది, పైకి చెప్పుకోలేక ఇట్లా తిప్పి చెబుతున్నాడు అనుకున్నాడు బీరప్ప. సామాను తనకు అమ్మమన్నాడు. వహీద్ అమ్మనన్నాడు. వారం రోజులు అమ్మనన్నాడు. ఈలోపు మహబూబ్‌నగర్‌లో పిండి గిర్ని ఒకటి బేరానికి వచ్చింది, దాని యజమాని తొందర పెట్టాడు. ఎనిమిదో రోజు వహీద్ అమ్మాడు. నిచ్చెన తీగలు ఒక్కొక్కటి చేతికిస్తూ, నోరు తెరిచి ఏదో అనబోయి, "అల్లా సల్లగ సూడాలె" అని మాత్రం అన్నాడు. ఇది బీరప్పకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

పైసలు చెల్క నుంచి వచ్చాయి. ఊరి పటేలు రామచంద్రయ్య కాగితం రాయించుకున్నాడు. మూడో ఉగాది లోపు తీర్చకపోతే చెల్క పటేలుది.

"ఏమిరా బీరిగా, మీ తాత గొర్లను గుట్టెక్కిచ్చిండు. నువ్వు చెల్కనే నిచ్చెన ఎక్కిస్తున్నవ్" అన్నాడు పటేలు కాగితం మడుస్తూ. పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. పటేలు అన్నదానికి నవ్వడం కూడా ఆ ఊళ్లో ఒక రకం కూలిపనే.

సైదమ్మ నవ్వలేదు. "గా చెల్కను సూసే మా నాయిన నన్నిచ్చిండు. అది వోయిన నాడు నేను గూడ మా నాయినింటికే పోత. సూస్కో" అంది. అని, టికెట్ల పుస్తకం తీసుకుని మొగుని వెంట బయల్దేరింది. మైకును తొలిరోజుల్లో పామును పట్టుకున్నట్టు పట్టుకునేది.

యజమాని కాగానే బీరప్ప ఆటలోంచి వహీద్ నటనంతా తీసేశాడు. తీగలు వారానికోసారి చూస్తే చాలు. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. హౌజులోకి దిగడం మాత్రం ఒట్టు పెట్టుకుని మరీ మానేశాడు. "మొక్కుల పైసలకు మునిగేటోన్ని గాదు నేను. నాది కురుమ పుట్టుక" అని నలుగురిలో చెప్పుకున్నాడు. జాతర అయిపోయి నీళ్లు తోడేసిన రోజున అడుగున మిగిలిన చిల్లర సైదమ్మ ఏరుకునేది, అది వేరే సంగతి. ఏరుతున్నప్పుడల్లా బీరప్ప వహీద్ ఇన్నేళ్లలో ఎంత మింగి ఉంటాడోనని పళ్లు కొరికేవాడు.

మూడేళ్లు ఏమీ కాలేదు. ప్రతి జాతరలో తొమ్మిది ఫీట్ల బొంద తవ్వారు, అంచు దాకా నింపారు, దుంకాడు, లేచాడు. నీళ్లు ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి. సరిగ్గా ఉన్న నీళ్లు ఎవరికీ ఏమీ నేర్పవు.

అప్పు మాత్రం సగానికి పైగా తీరింది. మూడో ఉగాదికి ఇంకా మూడు వారాలుంది. ఆ లోపు ఉన్నది ఒకే ఒక్క జాతర, మర్రిగూడ దిక్కు ఒక చిన్న ఊళ్లో, మూడు రోజులు. ఆ మూడు రోజులూ కనాతు నిండితే చెల్క విడిపోతుంది. లేకపోతే లేదు. దారి పొడుగునా మొగుడూ పెళ్లాలు లారీ మీద కూర్చుని ఇదే లెక్క వేసుకున్నారు. రెండుసార్లు చెల్క వచ్చింది, ఒకసారి పోయింది.

ఆ ఊళ్లో నీళ్లు బంగారం. ఉన్న బోరు నీళ్లలో ఫ్లోరైడు, తాగితే బొక్కలు వంగుతాయి, తాగకపోతే పానం పోతుంది. జనం నిదానంగా వంగే దారినే ఎంచుకున్నారు, ఎంచుకోవడానికి ఇంకోటి లేదు గనక. ధైర్యమంటే ఏమిటో తెలియాలంటే ఆ ఊరి చెంబులోకి తొంగిచూస్తే చాలు. కానీ దానికి టికెట్టు పెట్టేవాడు లేడు. హౌజుకు మూడు ట్యాంకర్ల నీళ్లు పట్టాయి. ట్యాంకరుకు చెప్పిన కిరాయి విని సైదమ్మ ట్యాంకరు వాడిని కూడా పటేలును చూసినట్టే చూసింది.

మొదటి రోజు దుంకి బయటికి వచ్చేసరికి హౌజు అంచున ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నిలబడ్డా ఆయన చూపు నేల మీదే ఉంది. నడుం కొడవలిలా వంగిపోయింది. పేరు పోచయ్య. చేతిలో ఇత్తడి చెంబు.

"బిడ్డా, నలభై ఏండ్ల సంది గీ ఊరి నీళ్లు తాగి నేను వంగిన. నువ్వు అగ్గితోని గీ నీళ్లళ్ల వడి నిక్కబొడుచుకొని లేస్తున్నవ్. జర ఒక్క చెంబు ముంచుకోనీ."

"తాతా, గవి ట్యాంకరు నీళ్లే. మీ ఊరి బోరువే."

"బోర్ల ఉన్నప్పుడు మా ఊరియి. నువ్వు దుంకినంక మా ఊరియి గావు."

బీరప్పకు ఆలోచించిన కొద్దీ అది నిజమేనేమో అనిపించింది. తన ఒంట్లో ఏదో ఉండబట్టే కదా ఇన్నేళ్లుగా ఒక్క బొక్క కూడా విరగలేదు. పోచయ్య నీళ్లు ముంచుకుని, అంచున అర్ధరూపాయి పెట్టి, నెమ్మదిగా వెళ్లిపోయాడు.

రెండో రోజు పొద్దున కనాతు బయట చెంబుల వరస. మోకాళ్లు ఒంగనివాళ్లు, మెడ తిరగనివాళ్లు, చేతికర్రల వాళ్లు. కొందరు బిందెలే తెచ్చారు. బీరప్ప హౌజు అంచుకు పసుపు పూయించాడు, నాలుగు వేపరెమ్మలు గుచ్చాడు, ఒక పళ్లెం పెట్టాడు. ధర పెట్టలేదు. ధర పెడితే వ్యాపారమవుతుంది, పళ్లెం పెడితే భక్తి. భక్తిలో ఎక్కువ వస్తుందని పొద్దెక్కేసరికి తేలింది. ఆ రోజు పళ్లెం, టికెట్లను దాటింది. పొద్దు వాలాక దుంకితే నీళ్లలో పాదాలు అడుగుకు తాకినట్టు అనిపించింది. తాడిపత్రి పైకి ఉబ్బి ఉంటుందిలే అనుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం సైదమ్మ హౌజు అంచున కూర్చుని లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమయ్యా, గిటు రా. తాడిపత్రి మీద తడి గీత యాడున్నది, నీళ్లు యాడున్నయి, సూడు."

"ఎండకు ఆరుంటయ్."

"ఎండ బిందెలు తెచ్చుకుంటదా?"

"గంత పెద్ద హౌజుల చెంబులెంత, బిందెలెంత?"

"సముద్రం గాదు గదయ్యా, మూడు ట్యాంకర్లు. ఇంకొకటి పిలుద్దాం."

బీరప్ప పళ్లెం వైపు చూశాడు. రెండు రోజుల్లో వచ్చిందీ, ఈ రోజు రాబోయేదీ కలిపితే పటేలు బాకీ సరిగ్గా గట్టెక్కుతుంది. ఒక ట్యాంకరు కిరాయి తీసేస్తే గట్టెక్కదు. "ట్యాంకరు పిలిస్తే చెల్క రాదు. చెల్క రాకపోతే నువ్వుండవు. ఏది గావాలె చెప్పు" అన్నాడు.

సైదమ్మ కొంచెం తగ్గింది. చెల్క మాట వస్తే ఆమె ఎప్పుడూ తగ్గేది. "పోనీ నువ్వే దిగి సూడు. వహీద్ సాబ్ రోజు దిగెటోడు గద."

"ఆయన పైసలకు దిగెటోడు. గింతమంది మొక్కుతుంటే నేను గూడ దిగితే ఏమంటరు? మొక్కుల పైసలు ఏరుకుంటుండు అంటరు. ఆరేండ్లాయె దుంకవట్టి. ఏది ఎంతుందో నా పానానికి ఎర్క లేదా?"

"నీ పానానికి ఎర్కనో లేదో. నాకు మాత్రం బుగులైతాంది."

"నీకు బుగులైతే కనాతు బయట కూసో."

ఆమె బయట కూర్చోలేదు. మైకు దగ్గర కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె గొంతు మైకులో వణికింది. ఆ వణుకు విని జనం ఇంకా వచ్చారు. కనాతు ఒక పక్క చిరిగింది.

బీరప్ప నిచ్చెన ఎక్కాడు. పైన నిలబడి జనం ఎంతమంది ఉన్నారో చూసుకున్నాడు. చెల్కలో వచ్చే వానకాలం కందులు వేయాలా, ఆముదాలే వేయాలా అని ఆలోచించాడు. కింద హౌజు అంటుకుంది. మంట కప్పేశాక నీళ్లు ఎక్కడున్నాయో పైవాడికి కనపడవు, మంటే కనపడుతుంది. అంగీకి అగ్గి పెట్టుకున్నాడు. కందులే నయం అనుకుంటూ దుంకాడు.

మొదటి సెకను కందులకే పోయింది.

రెండో సెకనులో ఆయనకు మంట వేరేగా కనపడింది. రోజూ హౌజు అంచు మీదికి లేచి ఆడే మంట, ఇవాళ బొంద లోపలెక్కడో, పొయ్యిలో మంటలాగా లోతుగా ఉంది. చుట్టూ తాడిపత్రి గోడలు కనపడ్డాయి. ఆరేళ్లలో ఆయన ఆ గోడలను దుంకుతూ ఎప్పుడూ చూడలేదు. అప్పుడు వచ్చింది బుగులు. నాలుగేళ్ల బాకీ అంతా ఒక్కసారి వసూలుకు వచ్చినట్టు వచ్చింది. నోరు దానంతట అదే తెరుచుకుని కేక పెట్టింది. మోకాళ్లు వాటంతట అవే కడుపులోకి ముడుచుకున్నాయి. అవి ముడుచుకోబట్టే మెడ బతికిందని తర్వాత దవాఖానలో చెప్పారు. ఆ ఒక్క పనీ చేసింది బుగులే.

ఆ కేకకు జనం లేచి నిలబడ్డారు. ఆడవాళ్లు కొంగులు నోట్లో పెట్టుకున్నారు. బీరప్ప ఆట మొదలుపెట్టిన తర్వాత అంత బాగా ఎప్పుడూ పండలేదు. చప్పట్లు, ఈలలు, చిల్లర వాన. హౌజులో మంట ఆరిన మూడు ఫీట్ల నీళ్లలో ఎడమ తొడ విరిగి పడి ఉన్న మనిషి మీద కూడా కొన్ని పైసలు పడ్డాయి. అది ఆట కాదని ముందు తెలిసింది సైదమ్మకు. మైకు వదిలేసి హౌజులోకి దుంకింది. జనం అది కూడా ఆటలో భాగమే అనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు.

బీరప్పను మంచం మీద వేసుకుని లారీ దగ్గరికి మోసుకుపోతుంటే పోచయ్య ఎదురొచ్చాడు. ఇత్తడి చెంబు చేతిలోనే ఉంది. వంగిన నడుముతోనే మంచం పక్కకు జరిగి, విరిగిన కాలును దగ్గరగా చూశాడు.

"బొక్కనే గదా ఇరిగింది బిడ్డా?"

"ఆ" అన్నాడు మోసేవాళ్లలో ఒకడు.

పోచయ్య నెమ్మదిగా కనాతులోకి పోయి, చెంబులో నీళ్లు హౌజులో కుమ్మరించాడు. నీతిగల మనిషి. పనికిరాని నీళ్లు ఉంచుకోవడం ఎందుకనుకున్నాడు. ఆయన్ను చూసి మిగతావాళ్లు కూడా ఇళ్లలో దాచుకున్న చెంబులూ బిందెలూ తెచ్చి పోశారు. తాగినవాళ్లు మాత్రం పోయలేకపోయారు. నిచ్చెన విప్పడానికి మర్నాడు వచ్చిన కూలీలు హౌజులో నీళ్లు నిలువు మనిషి లోతుకు వచ్చాయని చెప్పారు. నీళ్లు పోసినవాళ్లు పళ్లెంలో తాము వేసిన పైసలు కూడా వాపసు తీసుకున్నారు. లెక్కగా, ఎవరిది వాళ్లు, పైసా ఎక్కువ తీయకుండా.

దవాఖానలో బీరప్ప కాలును పైకి కట్టి, ఇసుక సంచి వేలాడదీశారు. ఆ సంచి వేలాడుతుండగానే ఉగాది వచ్చి పోయింది. మర్నాడు రామచంద్రయ్య పటేలు నాలుగు బత్తాయిలతో పరామర్శకు వచ్చాడు. బత్తాయిల సంచి అడుగున కాగితాలున్నాయి.

"గడువు దాటింది బీరిగా. మిగతా బాకీకి ఇంకో ఏడాది ఇద్దునే గానీ, కాలు లేనోడు నిచ్చెన ఎట్ల ఎక్కుతవ్, బాకీ ఎట్ల కడ్తవ్?" అన్నాడు. ఇందులో తప్పు పట్టడానికి బీరప్పకు ఏమీ దొరకలేదు. సైదమ్మ బత్తాయిలు బయట పారేసింది. తర్వాత పోయి ఏరుకొచ్చి కడిగింది, దవాఖానలో ఉన్నవాళ్లకు పండు పారేసే తాహతు లేదు గనక. పుట్టింటికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే, "గా ఇసుక సంచి ఎవలు పట్టుకుంటరు?" అంది.

కర్ర పట్టుకుని నడవగలిగిన రోజున బీరప్ప మహబూబ్‌నగర్ బస్సు ఎక్కాడు. బస్సు మెట్టు ఎక్కడానికి కూడా చెమటలు పట్టాయి.

వహీద్ గిర్ని నడుస్తోంది. గిర్ని పట్టా చుట్టూ ఎవరి కొంగూ చిక్కకుండా ఇనుప జాలీ బిగించి ఉంది. బీరప్పను చూసి వహీద్ లేచి, కర్రను చూసి మళ్లీ కూర్చున్నాడు. ఇక్బాల్ బీ స్టూలు వేసింది. చుట్టూ జొన్నలు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు.

"ఎన్ని ఫీట్లుండె నీళ్లు?" అని అడిగాడు వహీద్. ఎట్లున్నవని అడగలేదు.

"మూడు."

"దిగలేదా?"

"నువ్వు పైసలకు దిగెటోనివి. నేనెందుకు దిగుత?"

వహీద్ మొహం పిండి పట్టి తెల్లగా ఉంది కాబట్టి రంగు మారిందో లేదో తెలియలేదు. లేచి, గిర్ని చప్పుడులో వినపడాలని దగ్గరికి వచ్చి, కుడిచేయి నిటారుగా పైకెత్తాడు. ఏళ్ల తరబడి నీళ్లలో ఎత్తినట్టే.

"గిట్ల లేపితే వేలు కొసలు మునగాలె. మునిగితే ఏడు ఫీట్ల పైన నీళ్లున్నట్టు. మునగకపోతే దుంకద్దు. పైసలు గాదు బేటా. చిప్ప మీద పడ్డా కాలు ఇరుగుతది, అందుకే అవి తీసెటోన్ని."

"నువ్వు దువా చేస్తున్నవనుకున్న."

"దువానే. కొలిచి చేసిన దువా."

బీరప్ప ఆఖరుకు అడగాల్సింది అడిగాడు. "మరి నాకెందుకు చెప్పలే? నాలుగేండ్లు నీ ఎన్కనే ఉన్న గద ఉస్తాద్."

"నాలుగేండ్లు నీ కండ్ల ముందటనే దిగిన. సూస్తున్నవు, ఎర్కే అనుకున్న. అమ్మిన నాడు ఎందుకో అనుమానమొచ్చింది, నీకు ఎర్క లేదేమోనని. చెప్దామని నోరు తెరిచిన." వహీద్ గొంతు తగ్గింది. "చెప్తే నువ్వు బుగులువడి సామాను వద్దంటవేమోనని మూసుకున్న. గిర్నికి బయానా ఇచ్చుకొని ఉన్న. గిదీ సంగతి. తప్పు నాదే."

ఏళ్ల తరబడి మొయ్యడానికి సరిపడా మాట దొరికింది బీరప్పకు. కానీ గిర్ని ఆగకుండా నడుస్తోంది, జొన్నల వాళ్లలో ఒక్కరికీ ఆ మాట వినపడలేదు. "గిదే మాట మా ఊరి పంచాయితీల చెప్తవా?" అన్నాడు.

"చెప్త."

వచ్చాడు కూడా. ఇక్బాల్ బీ వద్దన్నా వినకుండా రెండు బస్సులు మారి వచ్చి, పంచాయితీలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. బీరప్ప గుండె ఉబ్బింది. వహీద్ తప్పు ఒప్పుకున్నాక, అమ్మకం రద్దు కావాలి, ఇచ్చింది వాపసు రావాలి, ఆ పైసలతో చెల్క విడిపించుకోవాలి. ఇదీ ఆయన లెక్క. పెద్దమనుషులు గడ్డాలు నిమురుకున్నారు. తీర్పు చెప్పింది రామచంద్రయ్య పటేలే, ఎందుకంటే ఆ ఊళ్లో తీర్పు చెప్పేది ఆయనే.

"తురకాయన నీతిమంతుడు. ఇంత దూరం వచ్చి ఒప్పుకున్నడు, అది పెద్ద గుణం. అయితే అమ్మింది నిచ్చెన. నిచ్చెన ఇరగలే, తీగ తెగలే. సరుకు మంచిదే ఇచ్చిండు. నీళ్లు కొలుసుకోనోనికి మేము న్యాయం కొలిచి పోయమంటే ఎట్ల?"

పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. వహీద్ నవ్వలేదు. లేచి, తన దగ్గరున్న గోధుమ పిండి సంచి ఒకటి సైదమ్మ ముందు పెట్టి, బస్సుకు వెళ్లిపోయాడు. సైదమ్మ ఆ పిండి తీసుకుంది. బీరప్ప ఆ రొట్టెలు నెల రోజులు తిన్నాడు, ప్రతి రొట్టెకూ వహీద్‌ను తిడుతూ.

నిచ్చెన పాత ఇనుప సామాను వాడికి పోయింది. ఇప్పుడు బీరప్ప వాకిట్లో గడప దిగడానికి కూడా ముందు కర్ర ఆనించి చూస్తాడు. వానాకాలం దారిలో మడమ మునిగే నీళ్లున్నా, కర్రతో మూడు చోట్ల పొడిచిగానీ అడుగు వేయడు. ఊళ్లోవాళ్లు వెనక నవ్వుతారు. వాళ్లల్లో సగం మంది అదే సంవత్సరం అప్పులు తెచ్చి, నీళ్లు పడతాయో పడవో తెలియకుండా రెండు వందల ఫీట్ల బోర్లు వేయించినవాళ్లు.

చెల్క రిజిస్ట్రీ అయ్యే ముందు పటేలు సర్వేయరును పిలిపించాడు. పటేలు కొలవకుండా ఏదీ తీసుకోడు. బీరప్ప గట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. కొలిచే గొలుసు సైదమ్మ ముందు నుంచి, ఆముదం మోళ్ల మీదుగా, ఎర్రమట్టి మీద జరజరా పాకుతూ పోయింది. బీరప్ప తండ్రి బతికినన్నాళ్లూ దాన్ని మూడెకరాలనే, అంటే నూట ఇరవై గుంటలనే అన్నాడు, బీరప్ప కూడా అట్లాగే అనుకున్నాడు, దాని మీద అప్పు కూడా మూడెకరాలనే తెచ్చాడు. సర్వేయరు నాలుగు మూలలూ తిరిగి వచ్చి, గొడుగు నీడలో కూర్చుని, లెక్క రెండుసార్లు వేసి, కాగితం మీద రాసి, బీరప్పను సంతకం పెట్టమన్నాడు.

రెండెకరాల ముప్పై నాలుగు గుంటలు.